కునుకు కంట్రోలు

డ్రైవింగ్ నేర్పమని మా ఆవిడ అడిగినప్పుడల్లా నేను కారుకు ఏదో ఒక జబ్బు అంటగట్టేవాణ్ణి. ఒకసారి క్లచ్‌కు నీరసం అన్నాను. ఒకసారి బ్రేకుకు ఆయాసం అన్నాను. ఇంకేమీ తోచనప్పుడు, కొత్త చెయ్యి తగిలితే ఇంజను బెదురుతుందన్నాను. ఆవిడ అన్నీ విని, "అయితే బాగయ్యాకే నేర్పండి" అని లోపలికి వెళ్లిపోయేది. నాలుగేళ్లు ఇలాగే నెట్టుకొచ్చాను.

మీ దగ్గర దాపరికం దేనికి? మా ఇంట్లో ఏ కుర్చీలో కూర్చున్నా ఆవిడ మాటే చెల్లుతుంది. నా మాట చెల్లే కుర్చీ ఆ డ్రైవరు సీటొక్కటే. అది కూడా ఇచ్చేస్తే ఇక నేను ఎక్కడ కూర్చోవాలి?

ఆవిడ పేరు లక్ష్మీకుమారి. పేరులో కుమారి, పెత్తనంలో మహారాణి. నా పేరు బసవపున్నయ్య అయినా, బాన్సువాడ పక్కన, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊరైన మా క్యాంపులో అందరికీ నేను కునుకు పున్నయ్యని. మంచమ్మీద రాని నిద్ర నాకు స్టీరింగు పట్టుకుంటే వస్తుంది. ఏడాది కిందట నిజాంసాగర్ కాలువ గట్టు మీద ఇలాగే రెప్ప వాలి, ఎడమ చక్రం గట్టు అంచుదాకా పోయింది. ఆవిడ కేక వేసింది కాబట్టి బతికాం. డ్రైవింగ్ నేర్పమని ఆవిడ గట్టిగా పట్టుబట్టింది ఆ రోజు నుంచే.

ఇది రెండువేల ఒకటో సంవత్సరం సంగతి. మా మేనల్లుడు రాజాబాబు హైదరాబాదులో ఏదో ఆఫీసులో పనిచేసేవాడు. డిసెంబరులో వచ్చి భోజనాల దగ్గర చెప్పాడు. "మావయ్యా, ఫారిన్ కార్లలో క్రూజ్ కంట్రోలని ఉంటుంది. ఒకసారి స్పీడు పెట్టి కాలు తీసేయొచ్చు. బండి అదే స్పీడులో పోతూనే ఉంటుంది."

"మన పాత అంబాసిడర్‌కు పెట్టించొచ్చా?"

మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "మీ మావయ్యకు క్రూజ్ కంట్రోలు దేనికిరా? కునుకు కంట్రోలు దొరికితే పట్రా" అంది.

నాకు మాత్రం రాజాబాబు మాట బుర్రలో పాతుకుపోయింది. బండి సగం పని దానంతట అదే చేసుకుంటుంటే, నాకు డ్రైవింగు చేతకావట్లేదని ఎవరూ అనలేరు. ఆవిడ నేర్చుకోవలసిన అవసరమూ ఉండదు. మర్నాడే బాన్సువాడలో ట్రాక్టర్లు బాగుచేసే సాయన్న షెడ్డుకు వెళ్లాను.

సాయన్న నేను చెప్పిందంతా విని నవ్వాడు. "గంతేనా సార్? కాలు తీస్తే బండి గట్లనే పోవాలె, గంతే గద? గది ట్రాక్టర్‌కు ఎప్పటిసందో ఉన్నది. హ్యాండ్ ఎక్సిలేటర్. గీ పుల్ల కిందికి గుంజితే స్పీడు, మీదికి నూకితే తక్కువ."

"ఫారిన్ కార్లలో కంప్యూటరుంటుందట సాయన్నా."

"కంప్యూటర్ ఎందుకు సార్? నీకు పుల్ల ఉండంగ."

సాయంత్రానికల్లా ఏదో తుక్కు ట్రాక్టరు లివరు తెచ్చి డాష్‌బోర్డు కింద బిగించేశాడు. కుడిపక్క జాగా లేదని ఎడమపక్కకు పెట్టాడు. అంబాసిడర్‌లో ముందు సీటంతా ఒకటే బల్లలా ఉంటుంది, గేరు పుల్ల కూడా స్టీరింగు కిందే ఎడమవైపు ఉంటుంది. ఆ పక్కనే ఈ లివరూ వచ్చింది. తాళం చేతికిస్తూ సాయన్న, "నిద్ర మాత్రం పోవద్దు సార్. గీ పుల్లకు కండ్లు లెవ్వు" అన్నాడు.

ప్రతి ఆదివారం పొద్దున్నే మేం నిజాంసాగర్‌లో ఉన్న మా మరదలు సిరీష ఇంటికి వెళ్లేవాళ్లం. ఆ ఆదివారం మంచు బాగా కురిసింది. కాలువలోంచి ఆవిర్లు లేచి గట్టు మీదికి వస్తున్నాయి. నాటుకు సిద్ధంగా దమ్ము చేసిన మళ్లు రెండువైపులా ఉన్నాయని తెలుసు కానీ కనబడవు. నేను నలభై దగ్గర లివరు పెట్టి, కాలు తీసి ఆవిడకు చూపించాను. ఆవిడ తల కిటికీకి ఆనించి అప్పటికే కళ్లు మూసుకుంది.

ఆ తర్వాత నాకేమీ గుర్తులేదు. నిద్రలో ఎవరో చెవి దగ్గర మెల్లగా, ఓపికగా మాట్లాడుతున్నట్టు అనిపించింది. "వదలండి" అన్నమాట ఒక్కటే స్పష్టంగా వినిపించింది. కాసేపాగి మళ్లీ, "వదలండి."

కళ్లు తెరిస్తే నిజాంసాగర్ మొదటి ఇళ్లు కనబడుతున్నాయి. నా చేతులు ఒళ్లో ఉన్నాయి. బండి రోడ్డుకు సరిగ్గా మధ్యలో, నలభై మీద నిక్కచ్చిగా పోతోంది. కాలువ గట్టు మీద మలుపులున్నాయి, తూములున్నాయి, రెండుచోట్ల గేరు మార్చాల్సినంత గుంతలున్నాయి. అవన్నీ వెనకబడిపోయాయి. పక్కకు చూస్తే మా ఆవిడ కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది.

నా వెన్ను చల్లబడింది. ఎందుకో చెబుతాను.

ఆ కారు మాకు డాక్టర్ భీంరావు గారి ఇంటి నుంచి వచ్చింది. ఆయనది మహారాష్ట్ర సరిహద్దులో డోంగ్లి వైపు, ఇంట్లో మరాఠీ. బాన్సువాడలో ముప్పై ఏళ్లు వైద్యం చేశారు. ఎవరినైనా మీరు అనే పిలిచేవారు. స్టెతస్కోపు వీపు మీద పెట్టి, "గాలి పీల్చండి... వదలండి" అని ఆ రెండు ముక్కలూ పాట పాడినట్టు అనేవారు. ఊళ్లో ఆయన్ని వదలండి డాక్టరనే పిలిచేవారు. ఆయన పోయాక చెల్లెలు హీరాబాయి నాకు తాళం ఇస్తూ, "గాడీ సాంభాళా భావూ" అంది. జాగ్రత్తగా చూసుకోమని. "కాలువ రోడ్డు దీనికి తెలుసు. మా అన్న కండ్లు మూసుకొని కూడ నడిపేటోడు" అని కూడా అంది. అప్పుడు నేను మాటవరసకు అందనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని రెప్ప వేయకుండా నడిపాను.

మరుసటి ఆదివారం పరీక్ష చేద్దామనుకున్నాను. పరీక్ష చేద్దామనుకుంటూనే నిద్రపోయాను. మళ్లీ అదే గొంతు, అదే వదలండి. లేచేసరికి నిజాంసాగర్.

"దారిలో నువ్వు నిద్రపోయావా?" అని ఆవిడను అడిగాను.

"మీరు స్టార్టు చేయగానే."

"ఏమన్నా వినబడిందా?"

"మీ గురక."

మూడో ఆదివారం లేచి చూస్తే బండిలో సన్నగా మందుల వాసన. అమృతాంజనమో స్పిరిటో తెలియలేదు. ఇక దాచుకోలేక ఆ సాయంత్రం ఆవిడకు అంతా చెప్పేశాను. ఆవిడ చిక్కుళ్లు ఒలుస్తూ విన్నది. గిన్నె నిండేదాకా తల ఎత్తలేదు.

"పోనీండి, మంచాయనే కదా" అంది చివరికి.

"నీకు భయం లేదా?"

"మీరు నడిపినప్పటి కంటే తక్కువే."

నాలుగో ఆదివారం ఆవిడ కారెక్కుతూ డాష్‌బోర్డుకు చేతులు జోడించి, "నమస్కారం డాక్టరుగారూ, నిదానంగా వెళ్దాం" అంది. ఆ మాట అన్నప్పుడు మొహంలో నవ్వు లేదు.

ఈ సంగతి మా ఇంట్లో పనిచేసే ముత్తవ్వ చెవిన పడింది. ఆమె బోనెట్టు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. "గీ బండి ఇడ్సిపెట్టి డాక్టర్ సాబ్ యాడికి పోతడమ్మా? ఆయన పానమంత గీండ్లనే ఉండె" అంది. వెళ్లబోతూ వంగి, హెడ్‌లైటుతో మెల్లగా, "సార్, మోకాళ్లు గుంజుతున్నయ్" అని చెప్పింది.

మర్నాటికి ఆమె మోకాళ్ల నొప్పి తగ్గిందట.

ఆ మర్నాడు పొద్దున్నే తలుపు తీశాను. మంచులో మా కారు చుట్టూ పదిమంది దాకా గొంగళ్లు కప్పుకుని నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరే ముందుకు వచ్చి, హెడ్‌లైటు దగ్గర వంగి, ఏదో గొణిగి, పక్కకు తప్పుకుంటున్నారు. ఒక ముసలాయన చొక్కా ఎత్తి వీపును రేడియేటరుకు ఆనించి గాలి పీల్చాడు, వదిలాడు. పెద్ద కొడప్‌గల్ నుంచి తొలి బస్సుకు వచ్చిన పెంటవ్వ అనే అవ్వ తన దగ్గు గురించి డిక్కీకి చెబుతుంటే, "గటు కాదవ్వా, చెవులు ముందటున్నయ్" అని ముత్తవ్వ దారి చూపించింది.

వారం రోజుల్లో మా వాకిలి దవాఖాన అయిపోయింది. ఆ మంచులో, మాట పలుకు లేకుండా, మసక మసకగా కనిపించే ఆ మనుషుల మధ్యలోంచి పాలగిన్నె పట్టుకుని నడవాలంటే నాకు గుండె దడ. మా ఆవిడ మాత్రం వాళ్లకు టీ పెట్టి ఇచ్చేది. దగ్గున్నవాళ్లను పక్కకు పిలిచి, "డాక్టరుగారు చెప్పారు, పెద్దాసుపత్రికి కూడా ఒకసారి వెళ్లమని" అని పంపేది.

నాకు మాత్రం భయం మెల్లగా గర్వంలోకి దిగింది. జిల్లా మొత్తం మీద చచ్చిపోయిన డ్రైవరున్న కారు నాదొక్కటే. ఒక శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడతో ఆ మాటే అన్నాను.

"ఇక నువ్వు డ్రైవింగ్ నేర్చుకోవడం దేనికి? బండి దానంతట అదే పోతోంది కదా."

ఆవిడ చేతిలో గరిటె ఆగింది. "అయితే ఎప్పటికీ నేర్పరన్నమాట."

"అవసరం లేదంటున్నా. రేపు నేనొక్కణ్ణే వెళ్తాను. ఈసారి నిద్రపోను. మెలకువగా ఉండి, చేతులు వదిలేసి, ఆయన్ని కళ్లారా చూస్తాను."

"చేతులు వదిలేస్తారా?" ఆవిడ మొహం తెల్లబోయింది. "నేనూ వస్తాను."

"నువ్వుంటే ఆయనకు మొహమాటం."

"చచ్చిపోయినాయనకు మొహమాటం ఏంటండీ?"

"ఆయన చాలా మర్యాదస్తుడు."

ఆవిడ ఏదో చెప్పబోయి ఆగిపోయింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడకు మాట దొరక్కపోవడం నేను చూడటం అదే మొదలు. నేనే గెలిచాననుకుని ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాను.

ఆదివారం తెల్లవారింది. మంచు ముందెప్పుడూ అంత లేదు. చెయ్యి చాచితే వేళ్లు కనబడటం లేదు. ఆవిడ నన్ను సాగనంపడానికి బయటికి రాలేదు. అలిగిందనుకున్నాను. వెనక సీట్లో తెల్లదుప్పటి ఒకటి కుప్పగా పడి ఉంది. సిరీషకు ఇమ్మని పెట్టి ఉంటుందనుకుని ఎక్కి కూర్చున్నాను.

కాలువ గట్టు ఎక్కాక లోకం లేదు. బోనెట్టు సగం దాకానే కారుంది, ఆ తర్వాత తెలుపు. ఎక్కడో ఒక పిట్ట అరిచి ఊరుకుంది. నేను నలభై దగ్గర లివరు గుంజి కాలు తీశాను.

"డాక్టరుగారూ, ఇక మీదే" అని చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

బండి ముందుకు పోయింది. స్టీరింగు నా కళ్లముందే అటు కొంచెం, ఇటు కొంచెం కదిలింది. నిజంగా ఎవరో పట్టుకున్నట్టే ఉంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన వచ్చారు.

అప్పుడు టైర్ల కింద చప్పుడు మారింది. తారు పోయి కంకర వచ్చింది. ఎడమవైపు ఎక్కడో కింద నీళ్లు పారుతున్న శబ్దం చాలా దగ్గరగా వినబడింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. కేక కాదు. మెల్లగా, ఓపికగా.

"రెండు కాళ్లతోనూ తొక్కండి."

నా కాళ్లు నన్నడగకుండానే తొక్కాయి. బండి కీచుమని జారి, ఎడమకు వాలి, ఆగింది. ఎడమ కిటికీలోంచి చూస్తే నేల లేదు. పొగలు కక్కుతూ నీళ్లున్నాయి.

అద్దంలోకి చూశాను. వెనక సీట్లోంచి తెల్లగా ఒక ఆకారం మెల్లగా లేచి కూర్చుంది. తల లేదు, మొహం లేదు.

"డాక్టరుగారూ" అన్నాను, నా గొంతు నాకే వినబడనంత సన్నగా. "నాకు ఏ జబ్బూ లేదండి."

"ఉంది" అంది ఆ ఆకారం. "బుద్ధి లేకపోవడం."

దుప్పటి తీసేసింది. లోపల మా ఆవిడ. మొహమంతా చెమట, ఆ చలిలో.

దుప్పటి ఒళ్లోకి లాక్కుని ఆ నీళ్ల వైపు ఒకసారి చూసింది. తర్వాత ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది. నేను ఆవిడ ఏడుపు చూసి చాలా ఏళ్లయింది.

"మొదటి ఆదివారం ప్రాణభయంతో స్టీరింగు పట్టుకున్నానండీ. మీరు గురకపెడుతున్నారు, బండి ఆగట్లేదు. లేపితే ఉలిక్కిపడి కాలువలోకి తిప్పేస్తారని భయం. పక్కకు జరిగి నేనే తిప్పుకుంటూ వచ్చాను. గుంతలొచ్చినప్పుడు గేరు మార్చాలిగా. తొక్కండి అంటే మీ కాలు క్లచ్ తొక్కింది. వదలండి అంటే వదిలింది. ఊరొస్తుండగా మీరు కదలగానే మళ్లీ కిటికీకి జారబడి కళ్లు మూసుకున్నాను."

"నిద్రలోనా తొక్కాను?"

"మెలకువలో ఒక్కసారైనా నా మాట అలా విన్నారా?"

గాలి పీల్చి వదలమని చచ్చిపోయిన పెద్దమనిషి చెబుతున్నాడని నేను నాలుగు వారాలు వణికిపోయాను. ఆవిడ చెప్పింది క్లచ్ వదలమని.

"రెండోసారి?"

"రెండోసారి భయం తగ్గింది. మూడోసారి..." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "మూడోసారి మీరెప్పుడు నిద్రపోతారా అని ఎదురుచూశాను. మీరు నేర్పరు, ఇంకెలా నేర్చుకోను? ఆ మందుల వాసన కూడా నాదే. మెడ పట్టేస్తే అమృతాంజనం రాసుకున్నాను. కానీ నిన్న మీరు చేతులు వదిలేస్తానంటే నా ప్రాణం పోయింది. చెబితే బండి తాళం దాచేస్తారు, చెప్పకపోతే మీరే పోతారు. రాత్రంతా నిద్రలేదు. మీరు పోతే నేనేం చేయాలండీ, ఈ కాలువలు చూసుకుంటూ?"

సీటు ఇచ్చేస్తే ఎక్కడ కూర్చోవాలా అని నేను నాలుగేళ్లు ఆలోచించాను. ఈవిడ ప్రతి ఆదివారం ఇల్లు చేరతామా లేదా అని ఆలోచిస్తూ ఆ పక్కన కూర్చుంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అప్పుడు ఆవిడ ముందుకు వంగి, "ఇంజను అంత మెల్లగా ఉందేంటండీ? లివరు మీరు పైకి తోశారా?" అంది.

చూశాను. నలభై మీద ఉండాల్సిన లివరు పైకి వెళ్లి ఉంది. తోయకపోతే ఇంజను గోల పెట్టి ఉండాల్సింది.

"నేను తోయలేదు. నువ్వు తోశావుగా?"

"వెనక సీట్లోంచి నా చెయ్యి అందదు."

ఇద్దరం ఆ లివరు వైపు చూస్తూ కూర్చున్నాం. తర్వాత సాయన్న చూసి, "స్ప్రింగు జారి ఉంటది సార్" అన్నాడు. అయి ఉంటుంది. అప్పుడు మాత్రం మేమిద్దరం కుడివైపు తలుపుల్లోంచే దిగి, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం.

నేను మంచులో వెనక నిలబడి చేతులూపితే ఆవిడ బండిని వెనక్కి తీసింది. ఎంత పొందిగ్గా తీసిందంటే నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. ఆ తర్వాత నేను ఎడమవైపు ఎక్కాను. ఆవిడ లివరు ముట్టుకోలేదు. కాలితోనే, ఇరవై మీద, నిజాంసాగర్ దాకా నడిపింది. నాకు చిటికెడు నిద్ర రాలేదు.

సిరీష గేటు దగ్గరే నిలబడి ఉంది. కారు చూసి, అక్కను చూసి, నన్ను చూసింది. వెనకాల ఆమె అత్తగారు, పక్కింటివాళ్లు కూడా ఉన్నారు.

"అదేంటి బావగారూ, మీరు ఎడమవైపు దిగుతున్నారు?"

అందరూ నా జవాబు కోసం చూస్తున్నారు. కునుకు సంగతి, దెయ్యం సంగతి, కాలువ సంగతి అన్నీ ఒకేసారి నాలుక చివరికి వచ్చాయి. "కాలు నొప్పమ్మా" అన్నాను.

మా ఆవిడ తాళం చేతిలో తిప్పుతూ నా వైపు చూసింది. ఆ క్షణం నా పరువు ఆవిడ నోట్లో ఉంది.

"అవునే. పాపం, కుడికాలు అసలు కింద పెట్టలేకపోతున్నారు" అంది.

అలా అన్నాక నేను కుంటక తప్పలేదు. సిరీష నూనె కాచి ఇచ్చింది. వాళ్ల అత్తగారు కట్టు కట్టింది. ఇప్పటికి ఏడేళ్లు. ప్రతి ఆదివారం ఆవిడే నడుపుతుంది, నేను నిజాంసాగర్‌లో కుంటుకుంటూ దిగుతాను. ఒక్కోసారి ఏ కాలో మర్చిపోతుంటాను. గేటు ముందు బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఆవిడ నా వైపు తిరక్కుండానే చెబుతుంది.

"కుడికాలు."